మాటా, మాట కానిదా? – పదాలను మనసు గుర్తుపట్టే తీరు

తెలుగు చదవడం వచ్చిన ఎవరి ముందైనా మూడు కాగితపు ముక్కలు ఉంచండి. మొదటి దానిపై ‘పలక’, రెండవ దానిపై ‘గొనిప’, మూడవ దానిపై ‘ళ్ణక్ట’ అని వ్రాయండి. మొదటిది మాట అని చూసినంతనే చెబుతారు. మూడవది మాట కాదని కూడా అంతే త్వరగా చెబుతారు. రెండవ దాని వద్ద మాత్రం ఒక్క క్షణం ఆగుతారు. “ఇది ఏ ఊరి మాటో” అని అనుమానిస్తారు. ఆ తరువాతనే “కాదు” అంటారు. ఈ మూడు జవాబులకూ పట్టే కాలం కనురెప్పపాటు తేడాలోనే ఉంటుంది. అయినా మనిషి మనసులో భాష ఏ విధంగా నిలువ ఉంటుందో తెలుసుకోవడానికి ఆ చిన్న తేడాయే శాస్త్రజ్ఞులకు దారి చూపింది.

రెండు భాషల నడుమ బ్రతికే సరిహద్దు కుటుంబాలకు ఈ విషయం కేవలం శాస్త్రచర్చ కాదు. ఒక బిడ్డ బడిలో ‘వెనుకబడినవాడు’ అనిపించుకోవడమో, అనిపించుకోకపోవడమో కొన్నిసార్లు దీనిపైనే ఆధారపడి ఉంటుంది.

ఒక జాబితా నేర్పిన పాఠం

ఉపాధ్యాయ శిక్షణ ముగించుకుని చెన్నైలోని ఒక పాఠశాలలో చేరిన తొలినాళ్ళలో మూడవ తరగతి పిల్లల పఠనశక్తిని పరీక్షించడానికి నేను ఇరవై పదాల జాబితా ఒకటి తయారుచేశాను. అందులో పది నిజమైన మాటలు. మిగిలిన పది నిజమైన మాటలలో ఒక అక్షరం మార్చి కల్పించినవి. మాటకు టిక్కు, మాట కానిదానికి ఇంటూ గుర్తు పెట్టమన్నాను. సరిహద్దు పల్లె నుండి ఆ సంవత్సరమే నగరానికి వచ్చిన ఒక పిల్లవాడు ‘బంగాళాదుంప’కు ఇంటూ పెట్టాడు. ‘బెల్లం’లో మొదటి అక్షరం మార్చి నేను కల్పించిన ‘వెల్లం’కు టిక్కు పెట్టాడు. అటువంటి తప్పులు మరికొన్ని ఉండగా, అతని పేరు ఎదుట ‘పదజ్ఞానం తక్కువ’ అని వ్రాశాను.

ఆ పిల్లవాని ఇంట్లో బంగాళాదుంపను ‘ఉర్లగడ్డ’ అంటారు. ఇక తమిళంలో బెల్లాన్ని ‘వెల్లం’ అంటారు. వీధిలో ఆడుకుంటూ ఆ బిడ్డ ఆ మాటను విన్నాడు. అంటే తనకు తెలిసిన రెండు భాషల ప్రకారం అతడు సరిగానే జవాబు చెప్పాడు. రెండు భాషలూ తెలిసిన నేనే ఆ సంగతి గమనించలేదు. తప్పు జాబితాలో ఉండగా, శిక్ష పిల్లవానికి పడింది.

పరిశోధనశాలలో జరిగే పరీక్ష

నేను తెలిసీ తెలియక చేసిన పని మనస్తత్వ శాస్త్రంలో పేరున్న పద్ధతియే. దానిని పదనిర్ణయ పరీక్ష అనవచ్చు. తెరపై ఒక అక్షరాల గుంపు కనిపిస్తుంది. అది మాట అయితే ఒక మీటను, కాకపోతే మరొక మీటను వీలైనంత త్వరగా నొక్కాలి. యంత్రం ఆ కాలాన్ని సెకనులో వెయ్యవ వంతుల లెక్కన కొలుస్తుంది. తెలిసిన మాటలకు పెద్దలు సాధారణంగా అర సెకను నుండి ముప్పావు సెకను లోపల జవాబిస్తారు.

ఈ పరీక్షల ద్వారా నాలుగు విషయాలు స్థిరపడ్డాయి. మొదటిది, తరచుగా వాడే మాటలను అరుదైన మాటల కంటె త్వరగా గుర్తిస్తాము. ‘నీళ్ళు’ గుర్తించినంత వేగంగా ‘ఉదకం’ గుర్తించలేము. రెండవది, భాష నియమాలకు ఒదిగిన కల్పిత పదాన్ని తోసిపుచ్చడానికి ఎక్కువ సమయం పడుతుంది. ‘గొనిప’ వద్ద మనం ఆగేది ఇందుకే. మూడవది, నియమాలకే విరుద్ధమైన గుంపును తక్షణం తోసిపుచ్చుతాము. నాలుగవది, ఒక మాట దాని చుట్టాలను మేల్కొలుపుతుంది. 1971లో అమెరికాకు చెందిన డేవిడ్ మేయర్, రోజర్ ష్వానెవెల్ట్ అనే పరిశోధకులు జంట పదాలను చూపించి పరీక్షించారు. ‘రొట్టె’తో పాటు ‘వెన్న’ చూపినప్పుడు, సంబంధం లేని పదంతో చూపిన దానికంటె త్వరగా జవాబులు వచ్చాయి. మన వాడుకలో చెప్పాలంటే ‘ఇడ్లీ’ అని చదివిన కంటికి ‘చట్నీ’ త్వరగా అందుతుంది.

దీనికి ముందే, 1886లో, జేమ్స్ మెకీన్ కాటెల్ అనే పండితుడు ఒక వింతను గమనించాడు. అతి తక్కువ కాలం చూపినప్పుడు, విడివిడి అక్షరాల కంటె చిన్న చిన్న మాటలనే జనం సులభంగా పట్టుకుంటున్నారు. 1969లో జెరాల్డ్ రైకర్ మరింత కట్టుదిట్టమైన పరీక్షతో దీనిని నిర్ధారించాడు. ఒంటరిగా ఉన్న అక్షరం కంటె మాటలో ఉన్న అక్షరమే మనకు స్పష్టంగా కనిపిస్తుంది. అక్షరాలన్నీ కూడబలుక్కున్న తరువాతనే మాట పుడుతుందని అనుకునే మనకు ఇది ఆశ్చర్యం కలిగిస్తుంది.

మనసులోని నిఘంటువు

మనసు ఈ పనిని ఎట్లా చేస్తుంది? ఇందుకు ముఖ్యంగా మూడు వివరణలు ఉన్నాయి.

జాన్ మోర్టన్ 1969లో ప్రతిపాదించిన దాని ప్రకారం, మనకు తెలిసిన ప్రతి మాటకూ మనసులో ఒక కుండ ఉన్నదని ఊహించుకోవచ్చు. కంటి నుండి, చెవి నుండి, సందర్భం నుండి వచ్చే ఆధారాలు చుక్కలుగా ఆ కుండలో పడతాయి. ఏ కుండ ముందు నిండి పొర్లుతుందో ఆ మాటను గుర్తిస్తాము. రోజూ వాడే మాటల కుండలు ఎప్పుడూ సగానికి పైగా నిండి ఉంటాయి కనుక అవి త్వరగా పొర్లుతాయి.

కెన్నెత్ ఫార్‌స్టర్ 1976లో మరొక విధంగా చెప్పాడు. మనసు ఒక జాబితాను వరుసగా వెదుకుతుంది. ఆ జాబితాలో తరచుగా వాడే మాటలు పైన, అరుదైనవి క్రింద ఉంటాయి. కల్పిత పదానికి ఎక్కువ సమయం పట్టడానికి కారణం, చివరి వరకు వెదికి లేదని తేల్చుకోవలసి రావడమే.

మెక్‌క్లెలాండ్, రూమెల్‌హార్ట్ 1981లో చెప్పిన మూడవ వివరణలో అక్షరాలు మాటను లేపుతాయి, సగం లేచిన మాట తిరిగి తన అక్షరాలకు బలమిస్తుంది. మాటలో ఉన్న అక్షరం స్పష్టంగా కనిపించడానికి ఇది చక్కని కారణం. గబగబ చదివేటప్పుడు ‘పుత్సకం’ అని అచ్చుతప్పు పడినా మనం ‘పుస్తకం’ అనే చదువుకుని ముందుకు పోవడం అందరికీ అనుభవమే.

చెవితో వినేటప్పుడు పద్ధతి కొంత వేరు. వ్రాసిన మాట ఒక్కసారిగా కంటబడుతుంది. పలికిన మాట ధ్వని తరువాత ధ్వనిగా వస్తుంది. విలియం మార్స్‌లెన్-విల్సన్ 1970లలో దీనిని వివరించాడు. ‘పు’ అని వినగానే పులి, పువ్వు, పుల్ల, పుస్తకం అన్నీ వరుసకు వస్తాయి. ‘పుస్’ అనగానే పులి, పువ్వు, పుల్ల తప్పుకుంటాయి. ‘పుస్త’ వద్ద పుస్తకం నిలుస్తుంది, ‘పుస్తె’ అంటే తాళిబొట్టు నిలుస్తుంది. మాట పూర్తి కాకముందే మనకు అర్థమయ్యేది ఈ కారణం చేతనే.

మెదడులో ఎక్కడ?

1892లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు జూల్ దెజెరీన్ ఒక రోగి వృత్తాంతాన్ని ప్రకటించాడు. ఆ రోగికి చూపు ఉంది, మాట ఉంది, వ్రాయగలడు కూడా. చదవడం మాత్రం పోయింది. తాను వ్రాసినదానినే తాను చదువలేకపోయాడు. ఇటీవలి కాలంలో లోరాన్ కోఎన్, స్తానిస్లాస్ దెహేన్ మొదలైనవారు 2000 నుండి ప్రకటించిన పరిశోధనలలో, మెదడు ఎడమ భాగంలో వెనుక, అడుగువైపున ఉన్న ఒక చిన్న ప్రాంతం వ్రాసిన పదరూపాలకు ప్రత్యేకంగా స్పందిస్తుందని చూపారు. వ్రాత పుట్టి సుమారు ఐదువేల ఏళ్ళే అయింది కనుక చదువు కోసం మెదడులో పుట్టుకతోనే ఒక గది ఉండే అవకాశం లేదు. ముఖాలను, వస్తువులను గుర్తించే ప్రాంతంలో కొంత భాగాన్ని అక్షరాభ్యాసం తనకు అనుకూలంగా మలచుకుంటుంది. అంటే ఇది పుట్టుకతో వచ్చే తెలివి కాదు, అభ్యాసంతో వచ్చేది.

అర్థం తెలియకుండానే మాటను గుర్తించవచ్చా?

గుర్తించవచ్చు. 2012లో ఫ్రాన్సులో జొనథన్ గ్రెయింజర్ బృందం ఆరు బబూన్ కోతులకు నాలుగు అక్షరాల ఆంగ్లపదాలను, కల్పిత పదాలను వేరుచేయడం నేర్పింది. ఒక్కొక్క కోతి 81 నుండి 308 వరకు పదాలను నేర్చుకుంది. నూటికి సుమారు 75 సార్లు సరిగా చెప్పగలిగింది. వాటికి ఆంగ్లం రాదు, అర్థం తెలియదు. ఏ అక్షరాలు ఏ అక్షరాల పక్కన తరచుగా వస్తాయో మాత్రమే పట్టుకున్నాయి.

మన చంటిపిల్లలు ఇంకా ముందుగానే ఈ పని చేస్తారు. 1996లో జెన్ని సాఫ్రన్, రిచర్డ్ ఆస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ ఎనిమిది నెలల పిల్లలకు విరామం లేని కల్పిత ధ్వనుల వరుసను రెండు నిముషాలు మాత్రమే వినిపించారు. ఏ ధ్వనులు కలిసి వస్తున్నాయో ఆ పిల్లలు అప్పటికే పసిగట్టారు. ఒడిలోని బిడ్డకు ఏమీ తెలియదని మనం అనుకుంటాము. బిడ్డ మాత్రం అమ్మ మాటలను ముక్కలుగా విడదీసుకుంటూనే ఉంటుంది.

1958లో జీన్ బెర్కో చిన్నపిల్లలకు ఒక కల్పిత జంతువు బొమ్మను చూపి, లేని పేరు పెట్టి, అటువంటివి రెండు ఉంటే ఏమంటారని అడిగింది. పిల్లలు తమ భాష నియమం ప్రకారం ఆ పేరుకు బహువచనం చేసి చెప్పారు. మన పిల్లలకు ‘గొనిప’ అని చెప్పి చూడండి. ‘గొనిపలు’ అంటారు, ‘గొనిపకు’ అంటారు. మాట లేకపోయినా వ్యాకరణం ఉంది. తెలుగులో ఇది మరీ ముఖ్యం. ‘చేయలేకపోయినవాళ్ళకు’ అనే రూపం ఏ నిఘంటువులోనూ ఆరోపంగా ఉండదు. అయినా అది మాటేనని అందరికీ తెలుసు. మనసులో పదాల పట్టిక ఒక్కటే కాదు, పదాలను కట్టే పనిముట్లు కూడా ఉన్నాయి.

తెలుగు రూపం, తమిళ రూపం

ప్రతి భాషకూ ‘ఇది నా మాటలా ఉంది’ అని చెప్పే కొన్ని గుర్తులు ఉంటాయి. తెలుగు, తమిళాలు ఒకే కుటుంబానివి. ఆ సంగతిని 1816లో మద్రాసులోనే ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి నిరూపించాడు. ఎ. డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఆయన వ్రాసిన పీఠికలో అది ఉంది. అయినప్పటికీ రెండింటి పదరూప నియమాలు వేరు.

తెలుగు అజంత భాష. మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. తమిళంలో హల్లుతో ముగియడం సహజం. అక్కడ కాల్, పాల్, ఊర్, కణ్ అయితే మనకు కాలు, పాలు, ఊరు, కన్ను. తమిళంలో సహజమైన మాట ర, ల లతో మొదలుకాదు. అందుచేత మన ‘రెండు’ వారికి ‘ఇరండు’, మన ‘రేయి’ వారికి ‘ఇరవు’, ‘రాముడు’ గ్రాంథిక తమిళంలో ‘ఇరామన్’. తెలుగులో ణ, ళ లతో మాట మొదలుకాదు. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరం, ప, బ లకు ఒకే అక్షరం. తమిళ అక్షరాలు ముందు నేర్చిన తెలుగు బిడ్డ ‘కొడుకు’, ‘గొడుగు’ వ్రాయడంలో తడబడితే అది చెవి దోషమూ కాదు, బుద్ధి దోషమూ కాదు. ముందు నేర్చిన లిపి ఆ తేడాను చూపలేదు, అంతే.

మరికొన్ని మాటలు రూపంలో ఒకటే, అర్థంలో వేరు. తెలుగు ‘అవసరం’ అంటే కావలసి రావడం. తమిళ ‘అవసరం’ అంటే తొందర. తెలుగు ‘మోసం’ వంచన. తమిళ వాడుకలో ‘మోసం’ అంటే బాగాలేదని కూడా అర్థం. తమిళ ‘ఇల్లై’ అంటే లేదు, తెలుగు ‘ఇల్లు’ ఉండే చోటు. రెండు భాషలు తెలిసినవారు ఒక భాషలో చదువుతున్నప్పుడు రెండవ భాష నిద్రపోదని పరిశోధనలు చెబుతున్నాయి. రెండు భాషలకూ ఉమ్మడి అయిన మాట త్వరగా అందుతుంది. అర్థం మారే మాట వద్ద మనసు కొంత తడుముకుంటుంది. ఈ ఆలస్యం రెండు ద్వారాలున్న ఇంటికి సహజమైనదే.

ఏది మాటో తేల్చేది ఎవరు?

ఈ ప్రశ్నకు చెన్నై నగరంలో పెద్ద చరిత్ర ఉంది. సి. పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఇక్కడే అచ్చయింది. అందులో కావ్యాల మాటలతో పాటు జనం నోటి మాటలకు కూడా చోటు దొరికింది. ఇక్కడి ప్రెసిడెన్సీ కళాశాల పండితుడు పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం వెలువరించాడు. తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అనే విభాగం ఆ వ్యాకరణం ద్వారా తరతరాల విద్యార్థులకు అలవడింది. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరం వచ్చింది. 1910లలో గ్రాంథిక, వ్యావహారిక వాదాలు హోరెత్తినది కూడా ఈ నగరం కేంద్రంగానే. గిడుగు రామమూర్తి పంతులు జనం పలికే మాటను బడిలోనికి రానివ్వాలని వాదించారు. తమిళానికి మద్రాసు విశ్వవిద్యాలయం 1924 నుండి 1936 వరకు ఆరు సంపుటాల మహానిఘంటువును ప్రకటించింది. లక్షకు పైగా మాటలు అందులో ఉన్నాయి.

నిఘంటువు గొప్పది. కాని మనసు నిఘంటువును చూసి తీర్పు చెప్పదు, తాను విన్నదానిని బట్టి చెబుతుంది. మన పల్లెలలో ఉల్లిపాయ ‘ఎర్రగడ్డ’, వేరుశనగ ‘చెనిక్కాయ’. ఇవి మాటలు కావని చెప్పే అధికారం ఏ పరీక్షకూ లేదు.

సరిహద్దు గీతలు మారుతూనే ఉన్నాయి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ గీతకు రెండు వైపులా చుట్టరికాలు, మాటలు అట్లాగే నిలిచాయి. తమిళనాడు ప్రభుత్వం 2006లో తమిళ అభ్యసన చట్టం చేసి, 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభించి ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేయనారంభించింది. భాషా అల్పసంఖ్యాకుల మినహాయింపు కోరికలు న్యాయస్థానాల వరకు వెళ్ళాయి. ఆ వివాదం ఎట్లా ఉన్నా, తెలుగు ఇంటి పిల్లలు రెండు లిపులతో, ఆంగ్లంతో కలిపి మూడింటితో, ఒకేసారి కుస్తీ పడుతున్నారన్నది మన కళ్ళ ఎదుటి సత్యం.

నిజమైన ఇబ్బందిని గుర్తించడం ఎట్లా?

కల్పిత పదాల పరీక్షకు వైద్యంలోనూ ప్రయోజనం ఉంది. తెలిసిన మాటను బిడ్డ బొమ్మలా గుర్తుపెట్టుకుని చదివేయవచ్చు. ఎన్నడూ చూడని ‘గొనిప’ను చదవాలంటే అక్షరానికి ధ్వనిని జతచేయడం రావాలి. డిస్లెక్సియా అనే పఠన వైకల్యం ఉన్న పిల్లలకు ఎక్కువగా ఇక్కడే కష్టం కలుగుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇటువంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను గుర్తించింది. చెన్నైలోని మద్రాస్ డిస్లెక్సియా అసోసియేషన్ అనేక సంవత్సరాలుగా ఈ రంగంలో పనిచేస్తున్నది.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు గమనించవలసినవి:

1. బిడ్డ చదువలేకపోతే ముందు చూపును, వినికిడిని పరీక్షించండి.

2. పరీక్ష ఏ భాషలో జరిగిందో అడగండి. ఒక్క భాషలో తడబడితే అది అభ్యాస లోపం కావచ్చు. ఇంటి భాషలోనూ, బడి భాషలోనూ అదే ఇబ్బంది కనిపిస్తే నిపుణులను కలవండి.

3. పదజ్ఞానాన్ని లెక్కించేటప్పుడు రెండు భాషలలోని మాటలను కలిపి లెక్కించండి. ఒక్కొక్క భాషలో తక్కువగా కనిపించినా, మొత్తం మీద అటువంటి పిల్లలు ఇతరులకు తీసిపోరు.

4. జాబితా తయారుచేసే ఉపాధ్యాయులు కల్పిత పదాలను రెండు భాషలు తెలిసిన మరొకరికి, వీలైతే పల్లె నుండి వచ్చిన పెద్దవారికి చూపించండి.

5. బడి భాష త్వరగా రావాలని ఇంట్లో తెలుగు మానిపించవద్దు. ఇంటి భాషలో గట్టిపడిన ధ్వనిజ్ఞానం రెండవ భాషకు పునాది అవుతుంది.

6. ‘ఉర్లగడ్డ అనకు, బంగాళాదుంప అను’ అని గద్దించకండి. ‘మనం ఉర్లగడ్డ అంటాము, పుస్తకంలో బంగాళాదుంప అని ఉంటుంది, తమిళంలో ఉరుళైక్కిళంగు అంటారు’ అని చెప్పండి. ఒక్క వస్తువుతో మూడు మాటలు వస్తాయి.

7. రోజూ పది నిముషాలు బిడ్డతో బిగ్గరగా చదివించండి. మాట ఎన్నిసార్లు కంటబడితే అంత త్వరగా గుర్తుకు వస్తుంది.

ఆ పిల్లవాని సంగతికి వస్తాను. కొన్ని వారాల తరువాత వాని నాయనమ్మ బడికి వచ్చింది. మాటల మధ్య “ఉర్లగడ్డ కూర అంటే వీడికి ప్రాణం” అన్నది. అప్పుడు గాని నా తప్పు నాకు తెలియలేదు. జాబితాను తిరిగి తీసి చూశాను. వాని తప్పులలో సగానికి పైగా తప్పులు కావు. పుస్తకంలో వ్రాసిన మాటను కొట్టివేసి, ‘రెండు భాషల పదజ్ఞానం ఉంది, పుస్తకభాష అలవాటు కావాలి’ అని వ్రాశాను. అప్పటి నుండి ఏ జాబితా చేసినా, ఇంటి వద్ద ఆ వస్తువును ఏమంటారని ముందుగా పిల్లలనే అడుగుతున్నాను.